దేవస్సి ఇంట్లో సముద్రం

త్రేస్య ప్రతి పొద్దునా ఎడం చేత్తో పొయ్యి పక్కనున్న ఇనప కడ్డీ పట్టుకుని, కుడి చేత్తో టీ కాచేది. గిన్నెలో నీళ్లు సగానికి మించి పోసేది కాదు. ఇల్లు ముందుకి వాలినప్పుడు గరిటె గోడ వైపు జారిపోయేది. వెనక్కి వాలినప్పుడు ఆవిడ చేతి కిందికి వచ్చేది. చూడకుండానే అందుకునేది.

ఆ ఇల్లు కొచ్చి పక్కన వైపిన్ దీవిలో, సముద్రపు గోడకి రెండు సందుల ఇవతల ఉంది. మూడు గదులు, పెంకుల కప్పు, పడమటి వైపు వరండా. పునాది రాతిదే. అయినా ఊగేది. కంచాలు జారిపోకుండా భోజనాల బల్ల చుట్టూ చెక్క అంచు కొట్టి ఉండేది. బీరువాని గోడకి బోల్టులతో బిగించారు. ఈస్టర్ అయ్యాక ఇళ్లు దీవించడానికి వచ్చే ఫాదర్ అందరిళ్లలోనూ నిలబడి ప్రార్థన చదివేవారు, ఇక్కడ మాత్రం కూర్చుని చదివేవారు. కరెంటు మీటరు చూసే మనిషి గుమ్మం చుట్టూ ఒక చెయ్యి వేసి అంకెలు రాసుకునేవాడు.

జాలర్లకి ఆ ఇల్లు పనికొచ్చేది. ఏసు పటం ముందు గొలుసుకి వేలాడే దీపం సందులోంచే కనబడుతుంది. అదెంత ఊగుతోందో చూసి పడవ దింపాలో వద్దో తేల్చుకునేవాళ్లు. రేడియో ఏం చెప్పిందో తర్వాత వినేవాళ్లు.

పడమటి వరండాలో దేవస్సి కుర్చీ. పేము కుర్చీ, నాలుగు కాళ్లూ నేలకి బిగించినది. దాని ముందు కటకటాల మీద అడ్డకర్ర. టీ తాగగానే దేవస్సి అక్కడ కూర్చుని కుడి చెయ్యి ఆ కర్ర మీద వేసేవాడు. పేపరు చదివినా, ఓడలో తోటివాడు శంకుణ్ణితో ఫోన్లో పోట్లాడినా, కునుకు తీసినా ఆ చెయ్యి కదిలేది కాదు. రాత్రి మంచం కూడా కర్ర అందేలా అక్కడే వేసుకునేవాడు. చెయ్యి ఉన్నంతసేపూ ఇల్లు ఉయ్యాలలా ఊగేది. స్నానానికి లేచాడంటే కాస్త గట్టిగా ఊగేది.

"త్వరగా రండి," అని త్రేస్య వంటింట్లోంచి కేకేసేది. "పులుసు ఒలుకుతోంది."

దేవస్సి మీసాలు రాకముందే నౌకాదళంలో చేరాడు. తల నెరిశాక బయటికి వచ్చాడు. మధ్యలో అంతా ఓడ. చుక్కాని తిప్పే చక్రం దగ్గర నిలబడడం ఆయన పని. యుద్ధం చూశాడు. ఎలా ఉండేదని ఎవరైనా అడిగితే, "నిద్ర ఉండేది కాదు," అనేవాడు. అంతకంటే చెప్పేవాడు కాదు.

సెలవు వానాకాలంలోనే దొరికేది. అందుకని ఆ ఇంట్లో క్రిస్మస్ జూన్ నెలలో వచ్చేది. జోరున కురిసే వానలో చూరుకి కాగితం నక్షత్రం వేలాడదీసేవాడు. పొరుగువాళ్లు గొడుగులేసుకుని వచ్చి కేకు తిని వెళ్లేవాళ్లు. ఆ వెంటనే ఈస్టర్ చేసేవాడు, ఆ తర్వాత కూతురు సెలిన్ పుట్టినరోజు. తను లేనప్పుడు జరిగిపోయినవన్నీ ఆ కొద్ది వారాల్లో మళ్లీ జరగాలి. పొద్దున్నే సెలిన్‌కి జడ వేసేవాడు. తాడు పేనినట్టు వేసేవాడు. బడిలో ఎంత ఎగిరినా సాయంత్రానికి ఒక్క వెంట్రుక ఊడేది కాదు. తలనొప్పి మాత్రం వచ్చేది. సెలిన్ చెప్పేది కాదు. ఆయన వెళ్లిపోయిన మర్నాడు జడ విప్పకుండా బడికి వెళ్లేది. ఆ మర్నాడు కూడా.

ఆయన ఇంట్లో ఉన్న రోజుల్లోనే సెలిన్‌కి నిండుగా నిద్రపట్టేది.

ఆయన పనిచేసిన ఓడ ముసలిదైపోయింది. జెండా దించి పక్కన పెట్టేసే రోజు ముందే చెప్పారు. ఆ రోజు సాయంత్రం, ఆ ఓడలో పనిచేసినవాళ్లు అందరూ పైన వరసగా నిలబడి, పొద్దు గుంకుతుండగా జెండా దిగడం చూస్తారు. దేవస్సి కొత్త బూట్లు కొనుక్కున్నాడు. సరిగ్గా ఆ రోజే సెలిన్‌కి కాన్పు కష్టమైంది. బూట్లు పెట్టెలోనే ఉండిపోయాయి. ఆయన ఆసుపత్రి వరండాలో నిలబడ్డాడు. మధ్యాహ్నం దాటాక మనవడు పుట్టాడు, తల్లీబిడ్డా గట్టెక్కారు. అప్పుడు స్నానానికని ఇంటికొచ్చాడు.

పొద్దు గుంకింది. ఇంటి నేల ఒకసారి పైకి లేచి, మెల్లగా దిగింది.

త్రేస్య గోడ పట్టుకుంది. "నాకు తల తిరుగుతోందా?"

"లేదు. ఓడ వచ్చింది," అన్నాడు దేవస్సి. "ఎక్కడికి పోవాలో తెలీక వచ్చినట్టుంది."

త్రేస్య కాసేపు ఆలోచించింది. "ఎంతమందికి వండమంటారు?"

"మనిద్దరికే. మనుషులెవరూ రాలేదు."

తర్వాత ఇరవయ్యేళ్లు అలాగే గడిచాయి.

*

మార్చిలో ఒక పొద్దున దేవస్సికి గుండె పట్టేసింది. సెలిన్ ఆ రోజు అక్కడే ఉంది. పక్కింటి లోనన్ తమ్ముణ్ణి వెంటబెట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. ముగ్గురూ కలిసి కుర్చీలోంచి ఎత్తారు. చెయ్యి కర్రని వదల్లేదు. లోనన్ ఒక్కొక్క వేలూ విప్పాల్సొచ్చింది.

కారు ఎక్కిస్తుంటే దేవస్సి త్రేస్య వంక చూశాడు. "పడమరకి సూటిగా," అన్నాడు. "చుక్కాని నడిమధ్యన. అల ఎదురుగా."

"సరే, సరే," అంది త్రేస్య. "కాళ్లు లోపల పెట్టండి, తలుపు వేయాలి."

ఆయన మళ్లీ అదే చెప్పాడు, మళ్లీ ఆవిడనే చూస్తూ. కారు తలుపు మూసుకుంది.

ఎర్నాకుళం వెళ్లే వంతెన మీద, కింద నీళ్లుండగా పోయాడు.

శవపెట్టె ఇంట్లోంచి లేచేటప్పుడు శంకుణ్ణి ఈల ఊదాలి. నౌకాదళంలో మనిషి ఓడ దిగేటప్పుడు ఊదే ఈల అది. శంకుణ్ణి ఉద్యోగమంతా ఆ ఈలతోనే గడిచింది. ఆ రోజు నోట్లో పెట్టుకున్నాడు గానీ గాలి రాలేదు. గేటు పట్టుకుని ఏడ్చాడు. పెట్టె అలాగే వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం నుంచి ఇల్లు మారిపోయింది. ఇదివరకు ముందుకీ వెనక్కీ ఊగేది, ఇప్పుడు పక్కలకి పొర్లడం మొదలుపెట్టింది. ఎటు నుంచి అల కొడుతుందో తెలిసేది కాదు. బల్ల మీది చెక్క అంచు చాలలేదు. ఏసు దీపం గోడకి కొట్టుకుని రెండుసార్లు గాజు పగిలింది. నలభై ఒకటో రోజు పూజ అయ్యాక, ఇంట్లో అన్నం వార్చుతుండగా త్రేస్య బల్ల అంచు మీద పడింది. తుంటి విరిగింది.

ఆపరేషన్ చేశారు. "కూర్చోవచ్చు. నడవకూడదు, కొన్ని నెలల దాకా," అన్నాడు డాక్టరు. "ఇంకోసారి పడితే ఇక లేవలేరు. కదలని నేల మీద ఉంచండి."

సెలిన్ కాక్కనాడ్‌లో నాలుగో అంతస్తులో ఉంటుంది. అమ్మని అక్కడికి తీసుకెళ్లింది. కదలని నేల. త్రేస్య మంచం మీద కళ్లు మూసుకుని రెండు చేతులతో అంచు పట్టుకుంది. తిన్నదల్లా కక్కింది.

"ఏమైందమ్మచ్చీ?"

"ఈ నేల చచ్చిపోయింది మోళే, నా బిడ్డా. కింద ఏమీ లేదు."

వారం తిరిగేసరికి సగమైపోయింది. మళ్లీ దీవికి తీసుకొచ్చారు. ఇక్కడికి రాగానే గంజి తాగింది. ఆ వెంటనే ఇల్లు పొర్లింది, ఆవిడ మంచం మీంచి జారబోయింది. సెలిన్ పాత దుప్పటి చించి అమ్మని మంచానికి కట్టింది. అప్పటినుంచి రాత్రిళ్లు నేల మీద కూర్చుని, గోడకి వీపు ఆనించి, రెండు పాదాలూ మంచం పట్టెకి తన్నిపెట్టి ఉండేది. కళ్లు మూతపడితే కాళ్లు సడలేవి, మంచం కదిలేది, మెలకువ వచ్చేది. ఆసుపత్రి ల్యాబ్‌లో ఆమె సెలవులన్నీ అయిపోయాయి. కొడుకు మంగళూరు నుంచి ఫోన్ చేస్తే ఏం మాట్లాడిందో పెట్టేశాక గుర్తుండేది కాదు.

"ఎన్నాళ్లు?" అన్నాడు భర్త జోషి. కోపంగా అనలేదు. "కోతమంగళంలో సిస్టర్ల ఆశ్రమంలో ఒక మంచం ఖాళీ అయింది. సోమవారానికల్లా రమ్మన్నారు."

"అక్కడ నేల కదలదు."

"కదలదు."

"అక్కడ ఆమె లేవదు, జోషీ. పడుకునే ఉంటుంది, పోయేదాకా."

"నువ్వు కూడా పోయేట్టున్నావు," అన్నాడు.

సెలిన్ సరేనంది.

*

సోమవారం మధ్యాహ్నం కారు వస్తుంది. పొద్దున్నే సెలిన్ శంకుణ్ణికి ఫోన్ చేసింది. మిగిలిపోయినది అదొక్కటే. ఆ రోజు ఈల ఊదలేదు కాబట్టే అప్పచ్చన్, తన నాన్న, ఓడ దిగలేదేమో, అందుకే ఇల్లు ఇలా చేస్తోందేమో. ఊదితే దిగుతాడు. ఇల్లు నిలబడిపోతుంది. అమ్మ మెల్లగా నేలకి అలవాటు పడుతుంది. ఎక్కడికీ పంపక్కర్లేదు.

శంకుణ్ణి ఫోర్ట్ కొచ్చి నుంచి పడవలో దాటి వచ్చాడు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, మెళ్లో గొలుసుకి ఈల.

"ఇంకా ఊగుతోందా?" అన్నాడు గేటు దగ్గర నిలబడి.

"కనబడ్డం లేదా?"

"నా కళ్లకి అన్నీ ఊగుతూనే ఉంటాయి, అమ్మా. అందుకే అడిగాను."

లోపల్నుంచి త్రేస్య గొంతు వచ్చింది. "ఎవరది, శంకుణ్ణేనా? ఊదాల్సిన రోజు గేటు పట్టుకుని ఏడ్చావు. ఇప్పుడొచ్చావా?"

"అప్పటికి పళ్లు కట్టించుకోలేదు చేడత్తీ," అన్నాడు ఆయన, వదిన వరసతో. "గాలి పక్కలనుంచి పోయింది."

"పళ్లు లేకనా, కళ్లలో నీళ్లొచ్చా?"

"రెండూ," అన్నాడు శంకుణ్ణి.

ఇల్లు పొర్లింది. ఆయన బీరువాని కావలించుకున్నాడు. తేరుకున్నాక వరండాలోకి వెళ్లి, ఖాళీ కుర్చీ పక్కన మడమలు కలిపి నిలబడ్డాడు. ఈల ఊదాడు. సన్నగా లేచి, పైన నిలిచి, దిగి, మధ్యలో వణికి తెగింది.

ముగ్గురూ ఆగి చూశారు.

నేల కుడివైపుకి దిగిపోయింది. వంటింట్లో మామిడికాయ ఊరగాయ జాడీ పడి పగిలింది. మంచానికి కట్టిన దుప్పటి బిగుసుకుని త్రేస్య మూలిగింది. సెలిన్ మంచం మీదికి అడ్డంగా పడి అమ్మని పట్టుకుంది.

"చాలు నాయనా, ఆపు," అంది త్రేస్య. "మా ఆయన దిగలేదు సరికదా, మమ్మల్ని ముంచేట్టున్నావు."

శంకుణ్ణి నేల మీద చతికిలబడ్డాడు. చాలాసేపు ఖాళీ కుర్చీనే చూశాడు. "అతన్ని ఇక్కడ్నుంచి ఎత్తింది ఎవరు?"

"నేనూ, లోనన్ వాళ్లూ," అంది సెలిన్.

"ఈ కుర్చీలోంచేనా? చెయ్యి కర్ర మీద ఉందా?"

"వేళ్లు విప్పాల్సొచ్చింది."

"ఏమైనా అన్నాడా?"

"జ్వరంలో మాట్లాడినట్టు ఏదో... పడమరకి సూటిగా అన్నాడు. చుక్కాని నడిమధ్యన, అల ఎదురుగా. రెండుసార్లు."

శంకుణ్ణి నేల మీంచి సగం లేచాడు. "తిరిగి ఎవరు చెప్పారు?"

"ఏం చెప్పడం?"

"అదే. అతను చెప్పింది."

"నేను సరే అన్నానుగా," అంది త్రేస్య.

"సరే అంటే సరిపోదు చేడత్తీ." ఆయన గొంతు తగ్గింది. "చక్రం దగ్గరి మనిషి దిగిపోయే ముందు ఓడ ఎటు పోతోందో చెప్తాడు. కాపలాకి వచ్చినవాడు అదే మాట తిరిగి చెప్పాలి, ఒక్క ముక్క పోకుండా. చెప్పి, నా చేతికొచ్చింది అనాలి. అప్పటిదాకా వదలకూడదు. ఒకసారి తుపానులో రావలసినవాడు వాంతులు చేసుకుంటూ పడిపోయాడు. దేవస్సి వాడి కాపలా కూడా నిలబడ్డాడు. తర్వాత వేళ్లు విప్పింది నేనే." ఆగాడు. "అతను అప్పగించాడు. ఎవరూ పుచ్చుకోలేదు. ఇప్పుడీ ఓడ ఎవరి చేతిలోనూ లేదు."

దీపం గోడకి కొట్టుకుంటోంది.

సెలిన్ లేచింది. అమ్మ నడుం చుట్టూ దుప్పటి మళ్లీ బిగించింది. గోడ పట్టుకుంటూ వరండాలోకి వెళ్లింది. ఆ కుర్చీలో కూర్చుంటే ఇక లేవడం ఉండదని ఆమెకి తెలుసు. అప్పచ్చన్ ఎంత అరుదుగా లేచేవాడో ఆమె చూసింది. కాక్కనాడ్ ఇల్లు, ల్యాబ్, జోషి, సెలవులకి వచ్చే కొడుకు, అన్నీ ఆ కర్రకి అవతల ఉండిపోతాయి. ఆలోచించే ఓపిక లేదు. ఇన్నాళ్లూ అన్నీ తనే పట్టుకుంది. ఇది ఇంకొకటి. కుర్చీ చేతుల మీద చేతులు ఆనించి కూర్చోబోయింది.

"సెలిన్," అంది త్రేస్య. "లే అక్కణ్నుంచి."

"అమ్మచ్చీ, ఎవరో ఒకరు..."

"ఆయన నీతో చెప్పలేదు. నా మొహం చూసి చెప్పాడు, రెండుసార్లూ."

"నువ్వు లేవకూడదు. డాక్టరు..."

"నడవొద్దన్నాడు. కూర్చోవద్దనలేదు. అక్కడ చేసేదల్లా కూర్చోవడమేగా? ఇరవయ్యేళ్లు చూశాను ఆ పని." దుప్పటి ముడి ఆవిడే విప్పుకుంటోంది. "శంకుణ్ణీ, ఆ పళ్లు జాగ్రత్తగా పెట్టుకుని ఇటొచ్చి పట్టు."

ఇద్దరూ కలిసి ఎత్తారు. ఆవిడ బరువే లేదు. ఇల్లు ఒకవైపు వాలినప్పుడు ఆగారు, తిరిగి లేచినప్పుడు నడిచారు. కుర్చీలో కూర్చోబెట్టి వెనక దిండు పెట్టారు. త్రేస్య కాసేపు ఊపిరి తీసుకుంది. తర్వాత కుడి చెయ్యి కర్ర మీద వేసింది.

"ఇక్కడ గుంట పడింది," అంది. "ఆయన బొటనవేలు చోట. నా వేలికి వదులు."

పడమటి వైపు చూసింది. తాటాకు పాకల మధ్య సన్నగా సముద్రం, మబ్బు రంగులో.

"పడమరకి సూటిగా," అంది త్రేస్య. "చుక్కాని నడిమధ్యన. అల ఎదురుగా."

శంకుణ్ణి ఆవిడ మొహంలోకి చూస్తూ తల ఆడించాడు, ఇంకా ఉందన్నట్టు.

"తెలుసు," అంది ఆవిడ. "నా చేతికొచ్చింది. మీరు వెళ్లండి."

ఇల్లు బాగా వాలింది. అలాగే ఉండిపోయింది కాసేపు. పెంకులు కిర్రుమన్నాయి. తర్వాత మెల్లగా, ముసలి ఎద్దు లేచినట్టు, ముందు భాగం ఎత్తింది. దించింది. మళ్లీ ఎత్తింది. గోడకి కొట్టుకుంటున్న దీపం గోడ వదిలి, ముందుకీ వెనక్కీ ఊగడం మొదలుపెట్టింది.

శంకుణ్ణి నిటారుగా నిలబడ్డాడు. ఎవరూ అడగలేదు. మడమలు కలిపి ఈల ఊదాడు. ఈసారి తెగలేదు.

సందులోంచి లోనన్ తొంగిచూశాడు. "చేడత్తీ, దీపం నిదానించింది. పడవ దింపొచ్చా?"

త్రేస్య సముద్రం మీంచి చూపు తిప్పలేదు. "పైన మబ్బు చూడు. మధ్యాహ్నం దాకా ఆగు."

"సరే," అని లోనన్ వెళ్లిపోయాడు.

సెలిన్ ఊరగాయ జాడీ ముక్కలు ఏరుదామని చీపురు తెచ్చింది. వరండా గుమ్మం దాకా వచ్చి నిలబడింది. నేల మెల్లగా లేచి దిగుతోంది. చిన్నప్పుడు వానల్లో, చూరుకి నక్షత్రం వేలాడే రోజుల్లో ఇల్లు ఊగేది కాదు గానీ ఇలాగే ఉండేది. అమ్మ వీపు కనబడుతోంది, నెరిసిన ముడి, కర్ర మీద చెయ్యి. సెలిన్ గోడకి ఆనుకుని కూర్చుంది. ఒక్క నిమిషమే అనుకుంది. చీపురు చేతిలోనే ఉంది.

మధ్యాహ్నం జోషి కారు తెచ్చాడు. ఇంజిన్ ఆపలేదు. దారి పొడవునా వాన పట్టుకునేలా ఉంది, చీకటి పడేలోపు కోతమంగళం చేరాలి. చెప్పులు విప్పి, అలవాటుగా గుమ్మం పట్టుకుని లోపలికి వచ్చాడు. శంకుణ్ణి బల్ల దగ్గర కర్రపెండలం తింటున్నాడు. వరండా గుమ్మంలో సెలిన్ నేల మీద పడుకుని ఉంది. నోరు కొద్దిగా తెరుచుకుంది. నేల లేచినప్పుడు ఆమె చెయ్యి కొంచెం జరుగుతోంది, దిగినప్పుడు తిరిగి వస్తోంది.

"అమ్మచ్చీ," అన్నాడు జోషి, "కారు..." సెలిన్ భుజం తట్టడానికి వంగాడు.

త్రేస్య ఎడం చెయ్యి ఎత్తింది. కుడి చెయ్యి తీయలేదు.

"లేపకు," అంది. "దాని కాపలా అయిపోయింది."

జోషి అలాగే వంగి ఉండిపోయాడు. తర్వాత లేచి, చప్పుడు కాకుండా బయటికి వెళ్లాడు. కాసేపటికి కారు ఇంజిన్ ఆగింది.